పరిగెత్తడానికి నాలుగు స్టార్లు, ఆగడానికి ఒకటి: మిర్యాలగూడ–కాకినాడ దారికి ఒక లారీ ఓనరు రివ్యూ

హోటలుకీ ఫోనుకీ రివ్యూ రాసినట్టే నేను రోడ్డుకి రాస్తున్నాను. ఎందుకంటే నాకు ఇది ఊరికే వచ్చిన రోడ్డు కాదు, నెలనెలా డబ్బు కట్టి వాడుకుంటున్న సర్వీసు. టోల్‌గేటు దగ్గర కడుతున్నాను, ఆయిలు కొట్టించినప్పుడల్లా రోడ్డు సెస్సు కడుతున్నాను. ఆ సెస్సు ఇప్పటిది కాదు, 1998లో పెట్రోలు మీద, 1999లో డీజిలు మీద లీటరుకు రూపాయి చొప్పున మొదలైంది. 2000లో దానికో చట్టం చేసి కేంద్ర రోడ్డు నిధి అన్నారు, 2018లో మౌలిక సదుపాయాలను కూడా అందులో కలిపి పేరు మార్చారు. అది చాలదన్నట్టు ఆంధ్రలో 2020 నుంచి రాష్ట్రం రోడ్ల కోసమని లీటరుకు ఇంకో రూపాయి తీసుకుంటోంది. లోడు మీద ఉన్న పన్నెండు టైర్ల బండి లీటరుకు మూడున్నర, నాలుగు కిలోమీటర్లకు మించి ఇవ్వదు కాబట్టి ఒక్కో ట్రిప్పుకి నా జేబులోంచి రోడ్డు కోసం ఎంత వెళ్తుందో లెక్క వేసుకోవచ్చు. ఇంత కడుతున్నప్పుడు ఎక్కడ బాగుందో ఎక్కడ బాగాలేదో చెప్పాల్సిన బాధ్యత కూడా నాకుంది అనిపించి రాస్తున్నాను. కొత్తగా బండి కొని ఈ దారిలో తిప్పాలనుకునేవాళ్ళకి ఉపయోగపడితే సంతోషం.

నేను 2003లో క్లీనరుగా బండెక్కాను, తర్వాత పదేళ్ళు స్టీరింగు పట్టాను, ఇప్పుడు రెండు బండ్లు ఉన్నాయి, ఒకటి పన్నెండు టైర్లది, ఒకటి పది టైర్లది. ఎక్కువగా మిర్యాలగూడ మిల్లుల నుంచి కాకినాడకి బియ్యం, వచ్చేటప్పుడు అక్కణ్ణుంచి ఎరువులు. హుజూర్‌నగర్ మీదుగా కోదాడ దగ్గర 65వ నంబరు జాతీయ రహదారి ఎక్కి విజయవాడ, అక్కడ 16 పట్టుకుని ఏలూరు, గుండుగొలను, నల్లజర్ల, దేవరపల్లి, గోదావరి దాటి రాజానగరం, అక్కడ ఏడీబీ రోడ్డు మీద కాకినాడ. అటూ ఇటూగా 370 కిలోమీటర్లు.

ముందు మంచి చెప్తాను, ఎందుకంటే నిజంగా చాలా ఉంది.

నేను క్లీనరుగా ఉన్నప్పుడు హైదరాబాద్–విజయవాడ రోడ్డు రెండు వరుసలు. అప్పటికి దాని నంబరు 65 కాదు, తొమ్మిదో నంబరు రోడ్డు అనేవాళ్ళం. రాత్రిపూట ఎదురుగా వచ్చే బస్సు లైట్లకి కళ్ళు మూసుకుపోయేవి, ముందున్న బండిని దాటాలంటే క్లీనరు కిటికీలోంచి సగం బయటికి వంగి చూసి చెయ్యి ఊపాలి. ఆ రోడ్డు మీద చనిపోయిన డ్రైవర్ల పేర్లు మా వాళ్ళు ఒక్కొక్కళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్తారు. 2012లో నాలుగు వరుసలు వచ్చాక మధ్యలో డివైడరు పడింది, ఎదురెదురు గుద్దుకోవడం అనేది దాదాపు పోయింది. మలకాపురం నుంచి నందిగామ దాకా 181 కిలోమీటర్లు అలా చేశారు. అవతల 16వ నంబరు రోడ్డు అంతకు ముందే స్వర్ణ చతుర్భుజిలో, అదే వాజ్‌పేయి గారి హయాంలో మొదలైన నాలుగు మహానగరాల రోడ్డులో, వచ్చేసింది. గుండుగొలను నుంచి నల్లజర్ల, దేవరపల్లి మీదుగా కొవ్వూరు వైపు కొత్త నాలుగు వరుసలు పడ్డాక తాడేపల్లిగూడెం, తణుకు, రావులపాలెం ఊళ్ళ గొడవ మాకు తగ్గింది. ఈ ముక్క నాకు మొత్తం దారిలో బాగా ఇష్టం. తెల్లవారుజామున అటు వెళ్తే రెండు వైపులా ఆయిల్‌పామ్ తోటలు, రోడ్డు మీద గుంట ఉండదు, గేరు మార్చే పని కూడా తక్కువ.

రెండో మంచి, 2017 జూలై ఒకటిన జీఎస్టీ వచ్చి సరిహద్దు పన్నుల చెక్‌పోస్టులు ఎత్తేయడం. గరికపాడు దగ్గర కిలోమీటర్ల కొద్దీ లైనులో రాత్రంతా నిలబడిన వాళ్ళకే దాని విలువ తెలుస్తుంది. కాగితాలు పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి, ఆ కిటికీ మూసి ఉంటే ఇంకో కిటికీకి వెళ్ళి, సంతకం అయ్యేసరికి తెల్లారేది. ఇప్పుడు బండి ఆపకుండా దాటిపోతోంది. 2025 అక్టోబరులో తెలంగాణ రవాణా శాఖ చెక్‌పోస్టులు కూడా తీసేశారు. ఒక కొత్త వంతెన కట్టినదానికంటే ఈ రెండు నిర్ణయాలు మాకు ఎక్కువ గంటలు మిగిల్చాయని నేను గట్టిగా నమ్ముతాను, వీటికి సిమెంటు కూడా అక్కర్లేదు.

ఫాస్టాగ్ కూడా మంచిదే. 2021 ఫిబ్రవరి 15 నుంచి అన్ని లైన్లూ ఫాస్టాగ్ లైన్లే అయ్యాక డ్రైవరు చేతికి టోలు డబ్బులు ఇచ్చి పంపాల్సిన అవసరం పోయింది, చిల్లర గొడవలు పోయాయి, బండి ఎక్కడుందో నాకు ఫోనుకి వచ్చే మెసేజీతో తెలుస్తుంది: చిల్లకల్లు, కీసర, పొట్టిపాడు, కలపర్రు, అలా ఒక్కోటీ దాటుతుంటే ఇంట్లో మంచం మీద పడుకుని కూడా బండితో వెళ్తున్నట్టే ఉంటుంది. కానీ ఒకసారి మా ట్యాగు ఇచ్చిన బ్యాంకు ఏ కబురూ చెప్పకుండా దాన్ని బ్లాక్‌లిస్టులో పెట్టింది. ఖాతాలో డబ్బులున్నాయి. రాత్రి రెండింటికి గేటు దగ్గర రెట్టింపు కట్టమన్నారు, డ్రైవరు దగ్గర అంత లేదు, వెనక బండ్లు హారన్లు, నేను ఇంటి నుంచి కస్టమర్ కేర్‌కి ఫోన్ మీద ఫోన్. ఆ టెన్షన్ ఇంకా గుర్తుంది. చివరికి కట్టాం, ఆ ఎక్కువ కట్టిన డబ్బు ఇప్పటికీ తిరిగి రాలేదు. 2025 నవంబరు నుంచి ట్యాగు పనిచెయ్యకపోతే యూపీఐతో కడితే ఒకటింబావు వంతే, నగదు ఇస్తేనే రెట్టింపు అని మార్చారు. ఆ మార్పు డ్రైవర్లకి నిజంగా మేలు.

టోలు గురించి ఇంకో మాట. 2025 ఆగస్టు 15 నుంచి సొంత కార్లకి మూడు వేలకి 200 ట్రిప్పుల పాసు ఇచ్చారు. కారు వాళ్ళకి ఇచ్చినందుకు నాకు బాధ లేదు, మా తమ్ముడు కూడా తీసుకున్నాడు. కానీ అదే రోడ్డు మీద నెలకి ఆరేడుసార్లు అటూ ఇటూ తిరిగేది లారీ. ఊళ్ళలో కిలో బియ్యం ధర నుంచి ఎరువు బస్తా ధర దాకా అన్నిటిలోనూ మా కిరాయి కలుస్తుంది. తరచుగా తిరిగేవాడికి తగ్గించడం అనే ఆలోచన సరైనదైతే అది ముందు సరుకు బండికి రావాలి కదా.

ఇక అసలు విషయం.

ఈ 370 కిలోమీటర్లు లోడుతో నడపడానికి పది గంటలు చాలు. పాత రోడ్డు రోజుల్లో రాత్రి మొత్తం, మర్నాడు మధ్యాహ్నం దాకా పట్టేది. అంటే రోడ్డు మీద మాకు దాదాపు సగం టైము మిగిలింది. మరి ట్రిప్పులు పెరగాలి కదా? పెరగలేదు. నా పుస్తకంలో రాసుకున్నవి తీసి చూస్తే 2011లో నెలకి ఆరు ట్రిప్పులు, పోయిన ఏడాది కూడా ఆరే, సీజనులో ఏడు. మిగిలిన గంటలన్నీ ఎక్కడికి పోయాయంటే బండి ఆగి ఉన్న చోటికి పోయాయి. మిల్లు దగ్గర లోడింగుకి ఒక పూట, ఊరి బయట నో ఎంట్రీ తెరిచేదాకా ఒక పూట, దించే గోడౌను ముందు ఒక రోజు, ఓడ వచ్చిన రోజుల్లో రెండు మూడు రోజులు, తర్వాత రిటన్ లోడు కోసం ఇంకో రోజు. పోయిన ఏడాది ఒక గోడౌను దగ్గర మా బండి మూడు రోజులు నిలబడింది, హాల్టింగు, అంటే ఆగిన రోజులకి ఇవ్వాల్సిన డబ్బు, అడిగితే ట్రాన్స్‌పోర్టు ఆఫీసు వాళ్ళు పార్టీని, అంటే సరుకు వాళ్ళని అడుగు అన్నారు, పార్టీ వాళ్ళు ట్రాన్స్‌పోర్టుని అడుగు అన్నారు. ఫైనాన్సు కంపెనీ మాత్రం నెల కిస్తీకి బండి కదిలిందా ఆగిందా అని అడగదు.

సరుకు వెంట ఉండాల్సిన జీఎస్టీ కాగితం, అదే ఈవే బిల్లు, దాని గడువు కూడా కదిలే బండిని మనసులో పెట్టుకుని పెట్టిందే. రోజుకి 200 కిలోమీటర్ల చొప్పున లెక్క, అంటే మా దారికి రెండు రోజులు. రోడ్డు మీద అది చాలా ఎక్కువ. కానీ ఊరి బయట ఆగిపోతే అర్ధరాత్రికి గడువు అయిపోతుంది, అయిపోవడానికి ఎనిమిది గంటల ముందు నుంచి ఎనిమిది గంటల తర్వాత దాకా పొడిగించుకోవచ్చు. ఆ పని చెయ్యాల్సింది మిల్లు గుమాస్తాయో ట్రాన్స్‌పోర్టు ఆఫీసో. రాత్రి పన్నెండింటికి వాళ్ళని లేపడం ఎంత కష్టమో ఈ పనిలో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు.

ఆగడం అంటే ఒక్క టైము గొడవే అయితే ఇంత రాసేవాణ్ణి కాదు. ఆగే చోటు లేకపోవడం ప్రాణం మీదికి వస్తోంది. మా పెద్ద బండి నడిపే డ్రైవరుని నేను బాబాయ్ అంటాను, నేను క్లీనరుగా ఎక్కింది ఆయన బండే. మూడేళ్ళ కింద రాత్రి ఒంటిగంటప్పుడు వెనక టైరు పేలింది. దగ్గర్లో లారీలు ఆపుకునే లేబై ఒకటి ఉంది కానీ అప్పటికే నిండిపోయి ఉంది, లైటు లేదు. రోడ్డు అంచున పక్కకి లాగి, వెనకాల చెట్టుకొమ్మలు, రాళ్ళు పెట్టి, ఇండికేటర్లు వేసి టైరు మారుస్తున్నారు. వెనక నుంచి ఒక వ్యాను వచ్చి గుద్దింది. జాకీ దగ్గర కూర్చున్న క్లీనరు కుర్రాడి కాలు రెండు చోట్ల విరిగింది. వ్యాను డ్రైవరు కూడా కునుకు తీసినవాడే, అతనికీ పడుకోవడానికి చోటు లేక నడుపుతున్నవాడే. హైవే హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చేస్తే అంబులెన్సు ఇరవై నిమిషాల్లో వచ్చింది, ఆ విషయంలో వాళ్ళకి చేతులెత్తి దండం పెడతాను, ఆ కుర్రాడు ఇవాళ నడుస్తున్నాడంటే అదే కారణం. కానీ ఆ తర్వాత బాబాయ్ నాతో అన్న మాట నేను మర్చిపోలేను: "అబ్బాయ్, ఈ రోడ్డు మీద నడపడానికి నాకేం భయం లేదు, ఆపాలంటేనే భయంగా ఉంది."

పేపర్లలో చూస్తుంటాం కదా, ఆగి ఉన్న లారీని కారు ఢీకొని కుటుంబం మొత్తం పోయిందని. చదివిన ప్రతివాళ్ళూ లారీవాణ్ణి తిడతారు. రోడ్డు మీద ఆపడం తప్పే, నేను కాదనను. కానీ పన్నెండు గంటలు నడిపిన మనిషికి నిద్ర ముంచుకొస్తే ఎక్కడ ఆపాలో కూడా ఎవరో ఒకళ్ళు చూపించాలి. డాబా వాడు తిన్నంతసేపే ఉండనిస్తాడు, పెట్రోలు బంకు వాడు ఆయిలు కొట్టిస్తేనే ఉండనిస్తాడు, టోల్‌గేటు దాటాక ఉన్న ఖాళీలో ఆపితే గార్డు వచ్చి తలుపు కొడతాడు. చీకటి లేబైలో నిద్రపోతే పొద్దున్నకి ట్యాంకులో ఆయిలు ఉండదు, మాకు రెండుసార్లు అయింది.

డబ్బు లేక కాదు ఇది. 2025–26 బడ్జెట్‌లో కేంద్ర రోడ్డు రవాణా శాఖకి దాదాపు 2.87 లక్షల కోట్లు పెట్టారు. 2017 అక్టోబరులో ఒప్పుకున్న కేంద్ర హైవేల పథకం భారత్‌మాల మొదటి దశ ఒక్కటే 34,800 కిలోమీటర్లు, అంచనా 5.35 లక్షల కోట్లు. అందులోంచి మన వైపు వచ్చినవి, వస్తున్నవి పెద్ద పనులే. విజయవాడ పశ్చిమ బైపాసులో గొల్లపూడి నుంచి చిన్న అవుటుపల్లి దాకా ఉన్న 30 కిలోమీటర్ల ముక్క సరిగ్గా మా లాంటి బండ్ల కోసమే, హైదరాబాదు రోడ్డు మీంచి ఊళ్ళోకి దిగకుండా ఏలూరు రోడ్డు ఎక్కించే దారి అది. దసరాకి దుర్గ గుడి రద్దీ అయినప్పుడల్లా మమ్మల్ని ఇబ్రహీంపట్నం దగ్గర తిప్పి జి.కొండూరు, మైలవరం, నూజివీడు మీదుగా హనుమాన్ జంక్షన్‌కి పంపిన రోజులు తలుచుకుంటే దాని అవసరం తెలుస్తుంది. ఖమ్మం నుంచి దేవరపల్లికి పొలాల మధ్య నుంచి 162 కిలోమీటర్ల కొత్త రోడ్డు కూడా ఆ పథకంలోదే, సూర్యాపేట–ఖమ్మం నాలుగు వరుసలతో కలిపి చూస్తే హైదరాబాదు నుంచి గోదావరి జిల్లాలకి విజయవాడ ముట్టుకోకుండా వెళ్ళే దారి. వీటన్నిటికీ నేను మనస్ఫూర్తిగా ఫుల్ మార్కులు వేస్తాను. నా బాధ ఒక్కటే, రోడ్డు కొలిచేటప్పుడు కిలోమీటర్లు, వరుసలు కొలుస్తారు. ఎన్ని లారీలు రాత్రి సురక్షితంగా ఆగగలవు అనేది కూడా అదే కాగితంలో ఒక అంకెగా ఉండాలి, ఆ అంకె పూర్తయితేనే టోలు మొదలుపెట్టాలి.

ఎలా ఉండాలో తెలియక కాదు. చమురు కంపెనీలు పెట్రోలు బంకుల్లో పెడుతున్న అప్నా ఘర్ అనే డ్రైవర్ల వసతిలో బాబాయ్ వేరే రాష్ట్రం వెళ్ళినప్పుడు ఒకసారి ఉన్నాడు. మంచం, స్నానానికి నీళ్ళు, సొంతంగా వండుకోవడానికి చోటు, బండికి కాపలా, ఎనిమిది గంటలకి వంద రూపాయలకి కాస్త పైన. వచ్చాక వారం రోజులు అదే చెప్పాడు. ముప్పై ఏళ్ళు క్యాబిన్‌లో కాళ్ళు ముడుచుకుని పడుకున్న మనిషికి మంచం మీద కాళ్ళు చాపుకుని పడుకోవడం అంత గొప్పగా అనిపించింది. హైదరాబాదు దగ్గర మన 65వ నంబరు రోడ్డు పక్కనే బాటసింగారంలో హెచ్‌ఎండీఏ కట్టించిన లాజిస్టిక్స్ పార్కులో లారీల పార్కింగు, డార్మిటరీ పెట్టారు, 2022లో మొదలైంది. అలాంటిది కోదాడ దగ్గర ఒకటి, హనుమాన్ జంక్షన్ దగ్గర ఒకటి, రాజానగరం దగ్గర ఒకటి ఉంటే ఈ దారి స్వరూపమే మారిపోతుంది. 2024 ఫిబ్రవరిలో ప్రధాని హైవేల మీద డ్రైవర్ల కోసం మొదటి దశలో వెయ్యి విశ్రాంతి కేంద్రాలు అన్నారు. మా దారికి అందులో ఎన్ని వస్తాయా అని ఎదురుచూస్తున్నాను. 2025 అక్టోబరు నుంచి తయారయ్యే లారీలకి ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు, అదీ మంచి పనే, కానీ నా రెండు బండ్లూ పాతవి, రోడ్ల మీద తిరిగేవి ఇంకా చాలా వరకు అలాంటివే.

నీళ్ళ సంగతి కూడా చెప్పాలి. ఐతవరం దగ్గర మున్నేరు రోడ్డెక్కడం 2023 జూలైలో చూశాం, 2024 సెప్టెంబరు ఒకటిన మళ్ళీ చూశాం. రెండోసారి మా పది టైర్ల బండి బియ్యంతో ఇటువైపు ఆగిపోయింది. బస్తాల మీద కప్పిన పట్టా (టార్పాలిన్) మీద నీళ్ళు నిలవకుండా రాత్రంతా తోస్తూనే ఉన్నారు. మిర్యాలగూడ, గుంటూరు మీదుగా తిప్పి పంపారు, అంటే మా బండి బయలుదేరిన చోటికే వెనక్కి వెళ్ళి మళ్ళీ రావాల్సి వచ్చింది. ఈ రోడ్డుని ఆరు వరుసలు చేస్తామంటున్నారు కదా, వెడల్పు కంటే ముందు ఐతవరం దగ్గర రోడ్డు ఎత్తు పెంచి నీళ్ళు పోయే ఖానాలు పెంచితే సరుకు రవాణాకి అదే పెద్ద సాయం. సంక్రాంతికి పంతంగి టోల్‌గేటు దగ్గర కార్ల బారులు టీవీలో చూపిస్తారు, మంచిదే, ఐతవరం కూడా అంతే చూపించాలి.

రెండు రాష్ట్రాల పర్మిట్ గొడవ క్లుప్తంగా చెప్తాను: 2014 తర్వాత ఒకే ఊరి లాంటి దారి మధ్యలో గీత పడింది, నేషనల్ పర్మిట్ లేని చిన్న ఓనరు గీత దాటినప్పుడల్లా టాక్సు కట్టుకోవాలి. రెండు వైపులా చెల్లే సింగిల్ పర్మిట్ ఇమ్మని లారీ ఓనర్లు అప్పటి నుంచీ అడుగుతూనే ఉన్నారు.

నా మార్కులు ఇవి. కోదాడ నుంచి విజయవాడ రోడ్డుకి నాలుగు, గుండుగొలను–దేవరపల్లి ముక్కకి అయిదు, రాజానగరం తర్వాత ఏడీబీ రోడ్డుకి రెండున్నర, ఫాస్టాగ్‌కి మూడున్నర, 1033కి అయిదు, లారీ ఆపుకోవడానికి మాత్రం ఒకటే.

ఈ దారిలో కొత్తగా బండి పెట్టేవాళ్ళు సాయంత్రం నాలుగింటికల్లా పట్టా కట్టించి మిర్యాలగూడలో బయలుదేరండి, ఆయిలు తెలంగాణలోనే నింపుకోండి, విజయవాడని రాత్రి పది తర్వాత దాటేలా చూసుకోండి. డ్రైవరుకి నిద్రొస్తే ఆపేయమని, లేటయితే నేను మాట్లాడుకుంటానని ముందే చెప్పండి, వాళ్ళు మీకు భయపడి నడపకూడదు. వెనక పెట్టడానికి మెరిసే త్రికోణాలు రెండు, మంచి టార్చి ఒకటి కొనివ్వండి. రాజానగరం చేరగానే గోడౌనుకి ఫోన్ చేసి లైనులో ఎన్ని బండ్లున్నాయో అడగండి, పదికి మించి ఉంటే అక్కడే తిని, స్నానం చేసి, కాసేపు పడుకుని వెళ్ళమనండి, లోపలికి వెళ్ళాక ఆ మూడూ దొరకవు.